గాడులు కోసిన టైరు: పొదుపు ఎంత? ముప్పు ఎంత?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో నేడు సేద్యమంటే ట్రాక్టరే. చెనక్కాయ చేను దుక్కి మొదలు టమోటా బాక్సులు మండీకి చేరే వరకు దాని మీదే ఆధారం. జిల్లాల సరిహద్దులు ఎన్నిసార్లు మారినా ఈ పడమటి మండలాల ఎర్ర నేలలు, రాతి గుట్టలు, ఎగుడుదిగుడు బాటలు మారలేదు. ఈ నేలల మీద తిరిగే టైరు మైదాన ప్రాంతాల టైరుకంటే ముందే అరుగుతుంది. కొత్తవి జతగా కొనాలంటే పదుల వేల రూపాయలు కావాలి. ఆ డబ్బు చేతిలో లేని రైతుకు, సొంత బండి నడుపుకునే డ్రైవరుకు ఊరించే మాట ఒకటుంది. 'కొత్తది ఎందుకు, పాతదానికే గాడులు కోయిస్తే ఇంకో ఏడాది లాగుతుంది' అన్నదే ఆ మాట.

ఈ మాటలో నిజం ఉంది, ప్రమాదమూ ఉంది. ఏ టైరుకు నిజమో, ఏ టైరుకు ప్రమాదమో తెలియకుండా కత్తి పెట్టించుకుంటే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమవుతుంది. అందుకే ఈ విషయాన్ని రైతులు, లారీ యజమానులు, టైరు షాపులవారు, రవాణా శాఖ అధికారులు అందరూ కాస్త లోతుగా ఆలోచించవలసి ఉంది.

రబ్బరు ఉంటేనే గాడి

గాడులు కోయడాన్ని టైరు కంపెనీలు రీగ్రూవింగ్ అంటాయి. పని చూడటానికి తేలిక. చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు పంపి వంపు తిరిగిన చిన్న బ్లేడును వేడి చేస్తారు. ఆ బ్లేడును అరిగిన గాడి వెంట లాగుకుంటూ పోతే రబ్బరు నాడాలాగా లేచి వస్తుంది. గాడి లోతవుతుంది. టైరు మళ్లీ నేలను పట్టుకుంటుంది. వానలో నీరు గాడిలోంచి బయటకు పోతుంది.

ఇందులో కొత్తగా చేరింది ఏమీ లేదన్నది ముందుగా గుర్తుంచుకోవాలి. రీట్రేడింగులో పాత టైరు మీద కొత్త రబ్బరు వేసి ఉడికిస్తారు. రీగ్రూవింగులో ఉన్న రబ్బరునే తీసేస్తారు. కాబట్టి తీయడానికి అడుగున రబ్బరు మిగిలి ఉండాలి. టైరు లోపల నైలాను దారాల పొరలో, ఉక్కు తీగల పొరలో ఉంటాయి. బరువు మోసేది అవే. పై రబ్బరు వాటికి చర్మం లాంటిది. చర్మం పలుచబడేలా కోస్తే చిన్న రాయి గుచ్చుకున్నా దెబ్బ లోపలికి దిగుతుంది. కోతలో పొర కనబడిందంటే ఆ టైరు పని అయిపోయినట్లే.

ఈ పనికోసమే తయారు చేసిన టైర్లు వేరే ఉన్నాయి. కొన్ని లారీ, బస్సు టైర్లకు గాడి అడుగున, దారాల పొరకు పైన, కంపెనీవారే అదనంగా రబ్బరు వేస్తారు. అటువంటి వాటి పక్కన ఇంగ్లీషులో 'రీగ్రూవబుల్' అని అచ్చు ఉంటుంది, లేదా గుండ్రని గీతలో 'యు' అక్షరం లాంటి గుర్తు ఉంటుంది. ఆ అచ్చు గాని, గుర్తు గాని లేకపోతే ఆ టైరును కోతకు పనికిరానిదిగానే భావించాలి.

గుర్తున్న టైరుకు కూడా కలిసివచ్చేది ఎంత? లారీ టైరు కొత్తగా ఉన్నప్పుడు గాడి లోతు సుమారు పదిహేను మిల్లీమీటర్లు అనుకుందాం. తిరిగి కోస్తే దొరికేది మూడు, నాలుగు మిల్లీమీటర్లు. అంటే కొత్త టైరు ఆయుష్షులో నాలుగో వంతుకు అటూ ఇటూ. ఇది తక్కువేమీ కాదు. బాడుగ లారీ నడుపుకునేవాడికి నాలుగో వంతు అంటే పెద్ద లాభమే. కాని దానిని కొత్త టైరుకు సమానం అని చెప్పడం మాత్రం మోసం.

సమయం కూడా ముఖ్యమే. గాడి ఇంకా రెండు, మూడు మిల్లీమీటర్లు మిగిలి ఉన్నప్పుడే కోయించాలి. అప్పుడే కంపెనీ వేసిన గీత కనబడుతుంది, దాని వెంటే బ్లేడు పోతుంది. మన ప్రాంతంలో చాలామంది టైరు బోడిగుండు అయిన తరువాత గాని షాపుకు తీసుకుపోరు. అప్పటికి గీత చెరిగిపోతుంది, అదనపు రబ్బరు కూడా కొంత అరిగిపోయి ఉంటుంది. కోసేవాడు కంటి అంచనాతో గీతలు గీయవలసిందే. అంచనా తప్పితే బ్లేడు పొర మీదికి దిగుతుంది.

మంచి పనివాడు కోయడానికి ముందు టైరును కడిగి, ఆరబెట్టి, గాడుల్లో ఇరుక్కున్న రాళ్లు తీస్తాడు. నాలుగైదు చోట్ల సన్నని సూదితో రబ్బరు మందం చూస్తాడు. అన్నిటికంటే తక్కువ మందం ఉన్న చోటును లెక్కలోకి తీసుకుని బ్లేడు లోతు బిగిస్తాడు. గాడి అడుగు గుండ్రంగా వచ్చేలా కోస్తాడు. అడుగు కోసుగా, మూలలు తేలి ఉంటే అక్కడే పగుళ్లు మొదలవుతాయి. ఈ నియమాలు పాటించని చోట పని ఎంత చవకగా జరిగినా అది చవక కాదు.

ట్రాక్టరు టైరు సంగతి వేరు

లారీ టైరుకు చెల్లిన నీతి ట్రాక్టరు టైరుకు చెల్లదు. ఈ తేడా తెలియకనే రైతులు నష్టపోయేది. ట్రాక్టరు వెనుక టైరుకు లారీ టైరులాగా గాడులు ఉండవు. ఏటవాలుగా నిలబడిన లావుపాటి కడ్డీలు ఉంటాయి. రబ్బరంతా ఆ కడ్డీల్లోనే ఉంటుంది. కడ్డీకి కడ్డీకి నడుమ ఉన్న చోట దారాల పొర మీద పలుచని రబ్బరు మాత్రమే ఉంటుంది. కడ్డీలు అరిగినాయని నడిమి చోటును లోతు చేయించడమంటే ఆ పలుచని రబ్బరును కూడా తీసేయడమే. మన చేలలో రాళ్లకు, కంది కొయ్యలకు, కంపముళ్లకు కొదవ లేదు. అవి గుచ్చుకునేది సరిగ్గా ఆ నడిమి చోటే.

ట్రాక్టరు ముందు టైర్లకు చుట్టూ నిలువు పట్టీలు ఉంటాయి. మలుపు తిప్పేది అవే. అవి అరిగితే తడి మడిలో స్టీరింగు తిప్పినా బండి నేరుగా పోతుంది. వీటిని కోయించడం అన్నిటికంటే తెలివితక్కువ పని. ముందు టైరు చిన్నది, వెనుకదానితో పోలిస్తే ధర కూడా తక్కువ. వాలు మీద అది పగిలితే బోల్తా పడేది ట్రాక్టరు, పోయేది మనిషి ప్రాణం.

అసలు వెనుక టైరు అరిగిందని ఎప్పుడు అనుకోవాలన్నది మరో ప్రశ్న. మెట్ట దుక్కిలో కడ్డీలు సగం అరిగినా పనికి పెద్ద లోటు రాదు. చెరువు కింద తడి మడిలో మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది. కంటితో చూసి నిర్ణయించకుండా రైతు తన చేలోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. వెనుక టైరు మీద సుద్దతో ఒక గీత గీయాలి. నాగలి ఎత్తి పెట్టి, చేలో చక్రం పది చుట్లు తిరిగేసరికి బండి ఎంత దూరం పోయిందో కొలవాలి. తరువాత నాగలి దించి దున్నుతూ అదే పది చుట్లకు ఎంత దూరం పోయిందో కొలవాలి. ఉదాహరణకు వట్టిగా 40 మీటర్లు, దున్నుతూ 34 మీటర్లు వచ్చిందనుకుందాం. ఆరు మీటర్లు జారుడులో పోయింది. అంటే నూటికి 15 వంతులు. అంతవరకు దిగులు పడనక్కరలేదు. దూరం 30 మీటర్లకు, ఇంకా తక్కువకు పడిపోతే డీజిలు, రబ్బరు రెండూ మట్టిపాలవుతున్నట్లే.

అప్పుడు కూడా మొదటి మందు కత్తి కాదు. వెనుక చక్రాలకు ఇనుప బరువులు తగిలించవచ్చు. ట్యూబులో వాల్వు మట్టం వరకు, అంటే సుమారు ముప్పాతిక భాగం నీరు నింపవచ్చు. నీటి బరువుకు చక్రం నేలను పట్టుకుంటుంది. దమ్ము చేసేటప్పుడు ఇనుప కేజి చక్రాలు ఉండనే ఉన్నాయి. ఇవన్నీ చేసి చూసిన తరువాత కూడా జారుడు తగ్గకపోతే టైరు మార్చవలసిందే.

ట్రాలీకి గాడులెందుకు?

ట్రాలీ చక్రాలు బండిని లాగవు, వెనకాల దొర్లుతాయి. లాగే పని ట్రాక్టరుది. అందువల్ల ట్రాలీ టైరు నున్నబడినందువల్ల లాగుడులో నష్టం లేదు. అక్కడ ప్రమాదం వేరే రూపంలో వస్తుంది. అరిగి పలుచబడిన టైరు మీద మోయగలిగినదానికి మించి ఇటుకలో, ఇసుకో, టమోటా బాక్సులో వేస్తారు. ఎండలో తారు రోడ్డు మీద నడుస్తూ టైరు వేడెక్కి పగులుతుంది. అటువంటి టైరును ఇంకా కోసి పలుచన చేయడం వల్ల కలిగే లాభం ఏమిటో ఆలోచించాలి. చూడటానికి కొత్తగా కనబడుతుంది, అంతే. పైగా తడి రోడ్డు మీద ట్రాలీ పక్కకు జారకుండా ఉండాలంటే నిజమైన గాడులున్న బలమైన టైరే కావాలి. చాలా ట్రాలీలకు సొంతంగా బ్రేకులు కూడా ఉండవన్న సంగతి మరువరాదు.

ఎద్దుల బండి టైరుకైతే గాడులతో పనే లేదు. అది నడిచేది ఎద్దు అడుగు వేగంతో. నున్నటి టైరు వల్ల ఎద్దులకు భారం పెరగదు. లారీకి, ట్రాలీకి పనికిరాని టైరును బండికి వాడుకున్నా పక్కలు పగలకుండా, పొరలు బయటపడకుండా ఉంటే చాలు.

క్వారీ బాటల్లో రాయే కత్తి

కుప్పం వైపు గ్రానైటు క్వారీల సంగతి ఇంకొక రకం. 'కుప్పం గ్రీన్' పేరుతో ఆ రాయి దూర ప్రాంతాల దాకా పోతుంది. క్వారీలో తిరిగే లోడర్ల టైర్లు చాలా మందం. వాటిలో రకాలున్నాయి. మామూలు మందం ఉన్నదానిని ఎల్-3 అంటారు. ఎల్-4 దానికి ఒకటిన్నర రెట్లు, ఎల్-5 రెండున్నర రెట్లు మందం. ఇంత రబ్బరు ఉంది కాబట్టి గాడులు కోయడానికి ఇవే తగినవి అనిపించవచ్చు. కాని రాతి పనికోసం కంపెనీలు అసలు గాడులే లేని నున్నటి ఎల్-5 టైర్లను కూడా తయారు చేస్తాయన్నది గమనార్హం. కారణం సులువే. వాడి రాతి అంచు పట్టుకునేది గాడి మూలలనే. గాడి ఎంత ఎక్కువ ఉంటే రాయికి అంత సందు దొరుకుతుంది. నున్నటి రబ్బరు మీద రాయి జారిపోతుంది. అందుచేత పొడి రాతి మీద తిరిగే టైరు నున్నబడిందని కోయించడం రాయి చేతికి కత్తి ఇచ్చినట్లే. వానాకాలంలో బురద బాటలో ఎక్కి దిగవలసిన బండికి మాత్రం, మందం కొలిచి, కంపెనీ ఒప్పుకున్న రకమైతే గాడులు ఉపయోగపడతాయి.

చెరువు పూడిక తీయడానికి, బావులు తవ్వడానికి ఊరూరా తిరిగే జేసీబీలకూ ఇదే విచక్షణ అవసరం. ఏ నేల మీద పని ఎక్కువో చూసుకుని నిర్ణయించుకోవాలి.

రంగు పూసి అమ్మితే నేరమే

సొంత టైరును, తెలిసి, తన బండికి కోయించుకునేవాడి సంగతి ఒకటి. అరిగిన టైర్లను పోగుచేసి, గాడులు కోసి, నల్ల రంగు పూసి, 'తక్కువ తిరిగిన సెకండ్ హ్యాండ్ టైరు' అని అమ్మేవాడి సంగతి వేరు. ఇది మన ప్రాంతానికే పరిమితమైనది కాదు, దేశమంతటా ఉన్న జాడ్యం. కొనేవాడు ఎక్కువగా చిన్న రైతు, ఆటో డ్రైవరు, ఒక్క బండి మీద బతికేవాడు. టమోటా ధర అతనికి ఏనాడూ స్థిరంగా లేదు. 2023 జూలై, ఆగస్టు నెలల్లో మదనపల్లె మార్కెట్లో కిలో ధర రెండు వందల రూపాయల దగ్గరకు పోయింది. కోత కూలి కూడా రాక కాయలను రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఈ ప్రాంతం చూసింది. ధర పడిన ఏడాది రైతు మొదట వాయిదా వేసేది టైరు ఖర్చే. ఆ అవసరాన్ని సొమ్ము చేసుకోవడం కంటే అన్యాయం మరొకటి లేదు.

కోసిన టైరును గుర్తుపట్టడం కష్టం కాదు. కంపెనీ గాడి అంచులు ఒకే తీరుగా, అడుగు నున్నగా ఉంటాయి. చేతితో కోసిన గాడిలో వెడల్పు, లోతు చోటుకొక తీరుగా మారతాయి, అడుగున బ్లేడు లాగిన చార కనబడుతుంది. లారీ టైరు గాడి అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి. రబ్బరు ఆ గట్టు మట్టానికి అరిగితే టైరు మార్చాలని వాటి అర్థం. గాడులు లోతుగా ఉండి గట్లు ఎక్కడా కనబడకపోతే అనుమానించాలి. గట్టు కోసేసి ఉంటారు.

టైరు పక్కన అండాకారపు గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనట్లు. చదువురాని రైతు అయినా బడికి పోయే పిల్లవాడితో చదివించుకోవచ్చు. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఏళ్ల తరబడి ఎండకు ఎండిన రబ్బరు గట్టిపడి పక్కల్లో సన్నగా పగిలి ఉంటుంది. దానికి గాడులు చికిత్స కావు. గాడులు కొత్తగా, తేదీ పాతగా ఉందంటే అమ్మేవాడిని నిలదీయాలి.

చట్టం ఏమంటున్నది?

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వది టైర్ల గురించినది. రెండు, మూడు చక్రాల బండ్లకు గాడి లోతు 0.8 మిల్లీమీటరుకు, మిగతా మోటారు వాహనాలకు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. కొలిచే సాధనం లేనివారు ఒక అగ్గిపుల్లను గాడిలో పడుకోబెట్టి చూడవచ్చు. పుల్ల మందం సుమారు రెండు మిల్లీమీటర్లు. పుల్ల గాడిలో మునగకుండా పైకి తేలితే టైరు హద్దుకు వచ్చినట్లే.

అయితే ఈ కొలత ఒక్కటే చాలదు. పొర దాకా కోసిన టైరుకు కూడా గాడి లోతు నిబంధనకు సరిపోతుంది! లోతు కొలిచే అధికారికి అది మంచి టైరుగానే కనబడుతుంది. ఇక్కడే తనిఖీలో తెలివి కావాలి. గాడి ఎంత లోతుందో కాదు, గాడి అడుగున ఎంత రబ్బరు మిగిలిందో చూడాలి.

అమెరికాలో ఈ విషయమై నిబంధన స్పష్టంగా ఉంది. కోతకోసం తయారై, ఆ మాట అచ్చు వేసిన టైర్లనే కోయాలి. కోసిన తరువాత గాడి అడుగున, దారాల పొరపైన కనీసం 3/32 అంగుళం, అంటే సుమారు 2.4 మిల్లీమీటర్ల రబ్బరు మిగలాలి. బస్సుల ముందు చక్రాలకు కోసిన టైర్లు వేయరాదు. బ్రిటన్‌లో కార్లకు ఈ పనిని నిషేధించి, గుర్తు ఉన్న భారీ వాహనాల టైర్లకు మాత్రమే అనుమతిస్తారు. ఈ మూడు సూత్రాలనూ మన షాపులు స్వచ్ఛందంగానైనా పాటించవచ్చు. గుర్తున్న టైరునే కోయాలి, రెండున్నర మిల్లీమీటర్లు మిగల్చాలి, ముందు చక్రాలకు వేయరాదు.

మన ఆర్టీసీ కూడా పాత టైర్లను పారేయదు. సొంత షాపుల్లో రీట్రేడింగ్ చేయించుకుంటుంది. ముందు చక్రాలకు కొత్తవి, వెనుక చక్రాలకు కొత్త రబ్బరు వేసినవి వాడుతుంది. టైరు ఆయుష్షు పెంచడం తప్పు కాదని, లెక్క ప్రకారం చేయాలని ఈ పద్ధతి చెబుతున్నది. ఇక్కడ లారీ యజమానులు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. రీట్రేడింగ్ చేయాలంటే లోపలి పొరలు చెక్కుచెదరకుండా ఉండాలి. లోతుగా కోసి పొర దెబ్బతీస్తే ఆ టైరును రీట్రేడింగ్ షాపు తిరస్కరిస్తుంది. నాలుగో వంతు ఆయుష్షు కోసం పోయి ఇంకో పూర్తి ఆయుష్షును పోగొట్టుకున్నట్లవుతుంది.

ఆయుష్షు పెంచే అసలు దారి

రెండవ ప్రపంచ యుద్ధంలో 1942లో మలయా జపాను చేతిలో పడగానే లోకమంతా రబ్బరు కరువు వచ్చింది. అమెరికా అన్నిటికంటే ముందు రేషను పెట్టింది టైర్లకే. అప్పుడు ఆ ప్రభుత్వం వేగానికి కూడా కళ్లెం వేసింది. గంటకు 35 మైళ్లు, అంటే 56 కిలోమీటర్లు మించరాదన్నది. వేగం తగ్గితే రబ్బరు మిగులుతుందన్న సత్యాన్ని కరువు నేర్పింది. ఆ పాఠం ఇప్పటికీ పాతబడలేదు.

మన బాటల్లో టైరును తినేసేవి నాలుగు. గాలి లెక్క తప్పడం, మితిమీరిన బరువు, తారు రోడ్డు మీద వేగం, వంకర చక్రాలు. గాలి తక్కువైతే పక్కలు నలిగి వేడెక్కుతాయి. ఎక్కువైతే నడుమ అరుగుతుంది, రాయి తగిలితే పగులుతుంది. ట్రాక్టరు వెనుక టైరుకు చేలో తక్కువ గాలి, రోడ్డు మీద బరువు లాగేటప్పుడు ఎక్కువ గాలి కావాలి. ఎంతన్నది ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ పుస్తకం అటక మీద ఉంటుంది, గాలి మాత్రం కాలితో తన్ని చూసి నిర్ణయిస్తారు. ఒక గేజి కొనుక్కుంటే ఆ ఖర్చు ఒక్క పంచరు తప్పినా తిరిగి వస్తుంది.

చేలో పని కోసం చేసిన మెత్తని కడ్డీలు తారు రోడ్డుకు తట్టుకోవు. ఏడాదిలో నాలుగు నెలలు దున్ని, ఎనిమిది నెలలు ఇసుక, ఇటుక, రాయి బాడుగకు తిప్పే ట్రాక్టరు టైరు త్వరగా అరిగిందంటే తప్పు టైరుది కాదు. బాడుగ లెక్క వేసుకునేటప్పుడు డీజిలుతోపాటు టైరు అరుగుదల కూడా కలుపుకోవాలి. ఆ లెక్క లేకనే చివరకు కత్తి దగ్గరికి పోవలసి వస్తున్నది. పని లేని రోజుల్లో ట్రాక్టరును నీడన నిలపడం, టైర్ల మీద పడిన డీజిలు, ఆయిలు తుడవడం ఖర్చు లేని జాగ్రత్తలు.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు టైర్లు, ట్యూబుల మీద జీఎస్‌టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను తగ్గిన మేరకు ధర తగ్గిందో లేదో రైతు బిల్లు అడిగి చూసుకోవాలి. పదిహేను రోజులు ఆలస్యమైనా నలుగురు రైతులు కలిసి ఒకేసారి కొంటే బేరం కూడా కుదురుతుంది. తగ్గిన పన్ను సంగతి తెలియక కోసిన టైరుకు డబ్బు పెట్టేవారు నష్టపోతున్నట్లే.

చేయవలసిన పనులు

ఈ పనిని నిషేధించాలని అనడం తేలిక. దానివల్ల పని ఆగదు, చాటుకు పోతుంది. టైరు షాపుల్లో చేతి నైపుణ్యంతో బతికే కుటుంబాలున్నాయి. వారి నోటికాడి కూడు తీయడం పరిష్కారం కాదు. కావలసింది క్రమశిక్షణ.

టైరు కోసే ప్రతి షాపూ మూడు పనులు చేయాలి. కోసిన టైరు పక్కన చెరగని గుర్తు వేయాలి. బిల్లులో 'గాడులు కోసినది' అని రాయాలి. గుర్తు లేని టైరును, ద్విచక్ర వాహనాల, కార్ల టైర్లను కోయబోమని బోర్డు కట్టాలి. వ్యాపారుల సంఘాలే ముందుకు వచ్చి ఈ కట్టుబాటు చేసుకుంటే మంచి షాపులకు గిరాకీ పెరుగుతుంది. కాలే రబ్బరు పొగ గుండెలకు మంచిది కాదు. మూసిన రేకుల షెడ్డులో ఈ పని చేయించరాదు, పిల్లలను అసలు దగ్గరికి రానీయరాదు.

రవాణా శాఖ అధికారులు కాగితాల తనిఖీతో సరిపెట్టుకోరాదు. టమోటా సీజనులో మార్కెట్ యార్డుల దగ్గర, మొగిలి, భాకరాపేట వంటి ఘాట్ రోడ్లకు ముందు, టైర్ల తనిఖీ శిబిరాలు పెట్టాలి. మొదటిసారి జరిమానాకు బదులు హెచ్చరించి, టైరు మీద గుర్తు వేసి పంపినా ఫలితం ఉంటుంది. పొర కనబడే టైరుతో బరువు బండి ఘాట్ దిగకుండా ఆపడం జరిమానా వసూలు కంటే ముఖ్యం.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టరు నడపడం, కాపాడుకోవడం అక్కడ నేర్పుతారు. కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం మనకు ఇంకా దగ్గర. టైర్ల సంరక్షణ మీద మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు చోట్లా ఒక్కొక్క రోజు శిబిరం పెట్టించాలని రైతు సంఘాలు అడగాలి. సుద్ద గీత పరీక్ష, అగ్గిపుల్ల కొలత, నాలుగంకెల తేదీ, ఈ మూడు నేర్పడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు.

పాతదానిని పారేయకుండా వాడుకోవడం పల్లె గుణం. అరిగిన టైరు చెప్పులైంది, బండి చక్రమైంది. ఆ పొదుపు బుద్ధిని ఎవరూ తప్పుపట్టరు. కాని పొదుపు కొలతతో ఉండాలి. కోయడానికి రబ్బరు ఉన్న టైరును, కోతకు తయారైన టైరును, తెలిసిన చేతితో, ఒక్కసారి కోయిస్తే అది పొదుపు. పొర తేలిన టైరుకు గీతలు గీసి, దాని మీద పంటను, మనుషులను ఎక్కించి ఘాట్ దింపితే అది పొదుపు కాదు. ఒక్క టైరు ధర మిగుల్చుకోబోయి ఇంటి పెద్దదిక్కునే పోగొట్టుకునే పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటును షాపులవారు, అధికారులు, రైతులు ఇకనైనా మానుకోవాలి. వచ్చే టమోటా సీజనుకు ముందే ఈ పని మొదలు కావాలి.